బనగానపల్లె పండులో చక్కెర

నాయినా,

నువ్వు పోయాక మన తోటలో ఇదే తొలి కాపు. షుగరుందని నువ్వు మామిడిపండును వాసన చూసి పక్కన పెట్టేవాడివి. ఇప్పుడు అమ్మకూ షుగర్ వచ్చింది. నువ్వెప్పుడూ అడగనిది, ఆమె నిన్న కర్నూలులో డాక్టరమ్మను అడిగేసింది.

"పండులో చక్కెర చెట్టు చేసిందే గదమ్మా, అది గూడా చెరుపేనా?"

"చక్కెర చక్కెరేనమ్మా. కానీ పండులో పీచుంటుంది కాబట్టి రక్తంలోకి నిదానంగా పోతుంది. రసం తాగొద్దు. అన్నం తగ్గించి రెండు ముక్కలు తినండి" అందామె.

ఈరోజు అమ్మ అలాగే తిని, కాసేపాగి వేలు గుచ్చించుకుంది. మీటరులో అంకె కొంచెమే పెరిగింది. అమ్మ దాన్ని చాలాసేపు చూసింది.

"మీ నాయినకు ఈ మాట ఎవురూ చెప్పకపాయ. ఇంగో ముక్క కొయ్యి, ఆయన వంతు" అంది.

కోశాను. అది నేను తిన్నాను నాయినా. శానా తియ్యగా ఉండాది.