తెలుగు చదవని కంప్యూటర్

2004 జూన్ 14, సోమవారం

ఉదయం పదకొండున్నరకు వేలూరు డాక్టరు చెప్పాడు — మా అమ్మాయి సుధకు ఇక పుస్తకం చదవడం కుదరదు. ఎడమ కన్ను ముందే పోయింది. కుడి కంటికి మనిషి ఆకారం తెలుస్తుంది, అక్షరం తెలియదు. ఆపరేషన్ లేదు. మందు లేదు. మళ్లీ అడిగాను. అదే జవాబు.

తిరుగు రైలు. వడలమ్మే వాళ్ల కేకలు విని, "పాకాల వచ్చేసినామా నాయనా?" అంది. ఆమె చేరాలనుకున్న ఎం.ఏ. హిస్టరీ మాట ఇద్దరమూ ఎత్తలేదు.

జూన్ 16

తెర మీద ఉన్నదాన్ని పైకి చదివే కంప్యూటర్లు ఉన్నాయని డాక్టరే చెప్పాడు. సుధకు ఎం.ఏ. ఎంట్రన్స్‌లో ర్యాంకు వచ్చింది. జూలై ఒకటిన కౌన్సెలింగ్. ఆలోపు కంప్యూటర్ చూడాలి. తోటి విలేకరులను అడిగితే తలా ఒక మాట — హార్డ్ డిస్క్ పెద్దది తీసుకో, ల్యాప్‌టాప్ జోలికి పోవద్దు, అసెంబుల్డ్ చేయించు... చదివి వినిపిస్తుందా అంటే అందరూ టీ గ్లాసుల్లోకి చూశారు.

జూన్ 19, శనివారం

గాంధీ రోడ్డులో మునిరత్నం కంప్యూటర్ షాపు. సుధ కూడా వచ్చింది.

"పెద్ద మానిటర్ తీసుకోండి సార్. బొమ్మ సూస్తే కండ్లు తిప్పుకోలేరు."

"నాకు మానిటర్ లేకుండానే ఇయ్యన్నా," అంది సుధ. "కరెంటన్నా మిగుల్తాది."

అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తర్వాత తన కుర్చీ తెచ్చి ఆమెకు వేశాడు.

చదివే సాఫ్ట్‌వేర్ వేసి చూపించాడు. ఇంగ్లీషు పేరా గడగడా చదివింది. తెలుగు వస్తుందా అని అడిగాను. "పేపరోళ్లకే తెలుగు లేకుండా ఇస్తానా సార్? మీ పేపరు ఫాంటే వేసిస్తా, సూడండి!" వేశాడు. రోజూ నేను వార్తలు కొట్టే అక్షరాలే. చూశాను. సరే అన్నాను.

జూన్ 20

కంప్యూటర్ వచ్చింది. మా ఆవిడ పద్మ దానికి బొట్లు పెట్టి, నిమ్మకాయ పెట్టి, హారతిచ్చింది. నేను రాసిన వార్తే తెరిచాను — అలిపిరి మెట్ల దారిలో మంచినీటి కొళాయిల మీద రాసింది. స్పీకర్లలోంచి గొంతు మొదలైంది. డాలర్. బ్రాకెట్. ఎక్స్. స్టార్. మళ్లీ డాలర్.

సుధ ఒకటే నవ్వు. "ఏంది నాయనా, కొళాయిల్లో డాలర్లు వస్తాండాయా?"

ఇంకో వార్త. ఇంకోటి. అదే వరస. ఆమె నవ్వడం ఆపేసింది.

షాపులో ఆ తెలుగు పేజీని చదివించమని అడగలేదు. కంటికి కనిపించింది, చాలనుకున్నాను. కంప్యూటర్ ఎవరి కోసమో ఆ నిమిషం గుర్తు లేదు.

జూన్ 21

హైదరాబాద్ ఆఫీసులో కంప్యూటర్లు చూసే అతనికి ఫోన్. మా ఫాంటులో ఉన్నది తెలుగు కాదట. లోపల అన్నీ ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులే, వాటికి తెలుగు ఆకారాలు తొడిగారు. చూసేవాడికి తెలుగు, మిషనుకు డాలర్. మిగతా పేపర్ల ఫాంట్లూ అంతేనట. తెలుగు చదివే గొంతు ఎక్కడైనా దొరుకుతుందా? "నాకు తెలిసి లేదు సార్. వస్తుందంటున్నారు." ఎప్పుడు? తెలియదు.

జూన్ 22

మునిరత్నం — "వాపసు తీసుకుంటా సార్, దాందేముంది. వేరేది యాడుండాదో చెప్పండి, నేనే పోయి తెస్తా." పెట్టె ఇంట్లోనే ఉండనీ అన్నాను.

జూన్ 25

పుస్తకం నేనే చదివి వినిపిస్తానన్నాను. విజయనగర పాలన, రెండో పేజీ. ఫోన్... నాయుడుపేట దగ్గర బస్సు బోల్తా. వెళ్లాను. తిరిగి వచ్చేసరికి పుస్తకం నేను బోర్లించిన చోటే ఉంది. సుధ కూడా అక్కడే.

జూన్ 27

ఎం.ఏ. ఇంగ్లీషులో చేర్చమంటుంది పద్మ. "ఆ పెట్టె ఇంగ్లీషన్నా సదువుతాది గదా. ఏదో ఒక సదువు." తప్పనలేను. కానీ సుధ డిగ్రీ దాకా తెలుగు మీడియం. పొద్దుటి నుంచి ఆ గొంతును వేగం తగ్గించి వింటోంది.

"ఆ యప్ప ముక్కుతో మాట్లాడతాండాడు నాయనా. సగం తెలీలే."

జూన్ 28

వాన. ఏమీ తోచదు.

జూన్ 30

"రేపు ఏం చెప్పమంటావు నాయనా? హిస్టరీ అంటే పుస్తకం చదవలేను. ఇంగ్లీషంటే అది చదివింది తెలీదు."

మూడోది ఒకటుంది — అసలు చేరకపోవడం. తెలియనిది ఎవరినో ఒకరిని అడిగి తెలుసుకోవడమే ఇన్నేళ్లూ నా పని. దీనికి ఎవరిని అడగాలో తెలియడం లేదు.

"నీకేది ఇష్టం?" అన్నాను.

"హిస్టరీనే." వెంటనే అంది. మళ్లీ తనే — "చదివి చెప్పేదానికి నువ్వు ఊర్లో ఉంటావా, రెండేండ్లూ?"

ఉంటానని అనబోయాను, బోర్లించిన పుస్తకం గుర్తొచ్చింది.

రేపు పదింటికి ఇక్కడ యూనివర్సిటీలో కౌన్సెలింగ్. పేరు పిలవగానే ఏ కోర్సో చెప్పాలి. ఆఫీసు నుంచి ఇప్పుడే ఫోన్ — రేపు పదిన్నరకు చిత్తూరులో కలెక్టరు ప్రెస్‌మీట్. నేనే వెళ్లాలట.