స్వగతానికి జవాబు

జూలై 8

ఎనిమిదో క్లాసుకి పాత నాటకం మొదలుపెట్టాను. నోట్సు చెప్పను, ఆడిస్తాను అన్నాను. బెంచీలు గోడకి జరిపి, సుద్దముక్కతో నేలమీద స్టేజీ గీశాం. రాణి వేషం వేసే పొడుగు పిల్ల ‘స్వగతం’ అన్న మాటని కూడా రాగం తీసి చదివేసింది. అది డైలాగు కాదే తల్లీ, మనసులో అనుకోవడం అన్నాను. రాణి ఆ మాటలు అనుకోగానే, పక్కనున్న మంత్రి వేషం పిల్ల టపీమని జవాబిచ్చింది. నీకు వినపడకూడదు అని నేనంటే, అంత గట్టిగా అరిస్తే ఎలా వినపడదు టీచర్ అంది. ఊరికే పెట్టారా దానికి మైకు అని పేరు!

రూలు చెప్పాను. పక్కనున్న పాత్రలకి వినపడదు. చూసేవాళ్ళకి వినపడుతుంది, కానీ వాళ్ళు పలకరు.

జూలై 9

హెడ్‌మాస్టరు తొంగిచూసి, గంతులేస్తే మార్కులొస్తాయా మేడమ్ అన్నాడు. వస్తాయన్నాను. దేవుడికెరుక.

జూలై 15

ఒక్కొక్కరినీ సొంత స్వగతం చెప్పమన్నాను. మిగతావాళ్ళు విననట్టే ఉండాలి. మైకుకి నన్ను చూస్తే జాలేస్తుందట. ఓసి భడవా!

పొడుగు పిల్ల వంతు వచ్చింది. కన్నతల్లి పోయి నాలుగేళ్ళు. నాన్న మళ్ళీ పెళ్ళి చేసుకుని రెండేళ్ళు. పిన్నిని ఇంతవరకూ ఏమనీ పిలవలేదట. పిలవాల్సొస్తే గ్లాసు చప్పుడు చేస్తుందట. అమ్మా అనాలని ఉందట. అంటే పోయినావిడ చిన్నబుచ్చుకుంటుందేమోనని భయమట.

క్లాసంతా విననట్టే నిలబడింది. నేను సుద్దముక్క వెతుకుతున్నట్టు నటించాను. ఏడుపొచ్చింది.

జూలై 22

రాణి బట్టలకి కొలతలు తీసుకోవడానికి పిన్నిగారే వచ్చింది. వెళ్తూ వెళ్తూ, పిల్లకి నేనంటే గిట్టదండీ, నోరు విప్పి పిలవదు అంది నాతో. మాట నాలుక చివరిదాకా వచ్చింది. విన్నవాళ్ళు పలకకూడదని రూలు పెట్టింది నేనేనాయె. కొలతల చీటీ మడిచి ఆవిడ చేతిలో పెట్టాను.

ఆగస్టు 2, సాయంత్రం

నాటకం అయింది. రెండో రంగంలో, నిండు సభలో నిలబడి, రాణి దూరాన ఉన్న తల్లిని తలుచుకునే స్వగతం ఉంది. పొడుగు అమ్మా అంది. పిన్ని ముందు వరసలో కూర్చుని, మూడో రంగానికి కావలసిన శాలువా అంచు కుడుతోంది. తలెత్తకుండానే ఊఁ అంది, ఎన్నాళ్ళుగానో అలవాటున్నట్టు. హాలంతా నవ్వు. ఆవిడ సూది పట్టుకుని బిక్కచచ్చిపోయింది. పొడుగు డైలాగు మర్చిపోయింది. తెరచాటున పుస్తకం నా చేతిలోనే ఉంది. తర్వాతి మాట అందించాలి. అందించలేదు.

పొడుగు మళ్ళీ అమ్మా అంది. అది రాణి గొంతు కాదు. ఆవిడ కుట్టు పక్కన పెట్టి, లేచి నిలబడి ఊఁ అంది. ఎవరూ నవ్వలేదు. మైకు మాత్రం మంత్రి కర్ర పట్టుకుని, ఏమీ విననట్టు పైకప్పు చూస్తూ ఉండిపోయింది. బంగారుతల్లి.

ఆ సీను పుస్తకంలో ఉందా అని హెడ్‌మాస్టరు అడిగాడు. లేదన్నాను. ముక్కు చీదుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆగస్టు 5

శాలువా తిరిగివ్వడానికి పొడుగు వాళ్ళమ్మ వచ్చింది.

అమ్మ అని రాశాక చూసుకున్నాను. కొట్టెయ్యను.