రగ్గు కింది గొంతు

అమీర్‌పేట,
2026 ఫిబ్రవరి 22, ఆదివారం, సాయంత్రం

రిషి అన్నకు,

సాయిలు దండం పెట్టి రాస్తున్నది. నువ్వు సల్లగ ఇల్లు చేరినవని మతీన్ భాయ్ చెప్పిండు, ఖుష్ అయిన. ఈడ నేను మంచిగనే ఉన్న, అమ్మ మంచిగనే ఉన్నది. మన రూముల ఫ్యాన్ ఎప్పటి లెక్కనే కిర్రుమంటున్నది.

నా దిక్కుకెళ్ళి ఇంత పెద్ద మెసేజ్ వచ్చిందని పరేషాన్ గాకు. "సరే అన్న" కంటె ఎక్కువ నేను నీకు ఎన్నడన్న పంపిననా? ఏడో తరగతిల బడి ఇడిసిపెట్టినోన్ని, నేను రాస్తె అక్షరాలు అడ్డం పడ్తయి. గందుకే ఫోన్‌ల మాట్లాడుతున్న, అదే రాసుకుంటున్నది. రగ్గు కప్పుకొనే మాట్లాడుతున్న. మనిషి ముంగట నిలవడితె నా నాలుక ఎండిపోతది. రగ్గు కింద అయితె నన్ను ఆపేటోడు ఉండడు. గీ సంగతి నీకంటె బాగ ఎవరికి ఎర్క?

నేను నీ కాడికి ఎట్ల వచ్చిన్నో జర యాది చేస్త. మైత్రీవనం కాడ కోచింగ్ సెంటర్ల కాయితాలు పంచుతుంటి. చెయ్యి చాపుడే, నోరు తెరుసుడు లేదు, గందుకే ఆ పని నాకు సరిపోయింది. ఒకదినం కాయితం ఇయ్యనీకి నీ ఆఫీసు మెట్లెక్కిన. లోపట నీ గోవ వీడియో నడుస్తుండె. నువ్వు మాట్లాడితె వార్తలు చదివినట్టున్నదని జనం తిట్లు రాసిన్రని వీడియోలు కోసి అతికే మతీన్ భాయ్ మీద ఒర్లుతున్నవ్. నేను ఆ అలలు చూసి, ఇదేంది, మా అమ్మ హాస్టల్ల వండే సాంబారు పొంగినట్టు పొంగుతున్నది అని నాలోన నేనే గొనుక్కున్న. మతీన్ భాయ్ విననే విన్నడు. అప్పటికప్పుడు నన్ను మూలకు కూసోవెట్టి, బయటి చప్పుడు రాకుంట మీద రగ్గు కప్పి, చేతికి మైకు ఇచ్చిన్రు.

సిగ్గుతోని నాకు గొంతు రాకపోతె నువ్వు ఏమన్నవో యాదికున్నదా? కుయ్యి రా సాయిలు, కోడిపుంజు లెక్క కుయ్యి, అన్నవ్. అందరు నవ్విన్రు. నేను సుత నవ్విన. గప్పటిసంది మైకు ఇచ్చినప్పుడల్లా గదే మాట. నేను కూసిన. నీ ఛానల్ల మొహం నీది, గొంతు నాది. జనం రెండూ నీయే అనుకున్నరు. ఎవరికి చెప్పకు రా, నువ్వు నా తమ్మునివి, అన్నవ్. నాకు తోడబుట్టినోళ్ళు లేరు. గా ఒక్క మాటకే నేను పడిపోయిన.

మళ్ళ ఫిలిప్పీన్స్ సంగతి నువ్వే తీసినవ్. హుస్సేన్‌సాగర్ తప్ప నీళ్ళు చూడనోడు సముద్రం గురించి ఎన్ని దినాలు మాట్లాడ్తడు, ఈపారి నిన్ను సుత తీస్కపోత అన్నవ్. పాస్‌పోర్ట్‌కు పెట్టించినవ్. పోలీసాయన ఇల్లు చూసిపోనీకి మా గల్లీకి వచ్చిండు. పక్కింటి స్వరాజ్యం అత్త గేటు కాడికి ఉరికొచ్చి, ఏం దొంగిలిచ్చిండే చంద్రమ్మా నీ కొడుకు, అని అడిగింది. మా అమ్మ కొంగు దులుపుకొని, నా కొడుకు ఇమానం ఎక్కుతుండు, దానికి పోలీసోళ్ళు ఇంటికొచ్చి అడిగిపోతరు, నీ ఇంటికి ఎవరన్న వచ్చిన్రా, అన్నది. ఆమె గట్ల మాట్లాడంగ నేను ఎన్నడు వినలె. హాస్టల్ల ఆడపిల్లలకు వండి వండి అలిసొచ్చి, మళ్ళ పొయ్యి ముంగట కూసోని నాకు మురుకులు చేసింది. వాము, నువ్వులు దండిగ వేసింది.

పోయే ముందు దినం నన్ను పిలిచి, భుజం మీద చెయ్యేసి, నీ వీసా కొట్టేసిన్రు రా, ఏడో తరగతోనికి మా దేశంల ఏం పని అన్నరు, అని చెప్పినవ్. నా జాగల నీ దోస్తు కృష్ణమోహన్‌ను తీస్కపోయినవ్. మురుకుల డబ్బా నా చేతులనే ఉండె. అక్కడి తిండి నోటికి పడ్తదో లేదో, ఇది నాకియ్యి, అని పట్కపోయినవ్. నేను ఇచ్చిన.

ఇంటికి పోయి అమ్మకు చెప్పిన. ఆమె, నాకు కాలు ఇరిగినప్పుడు నిన్ను బడి మాన్పిచ్చింది నేనే గద బిడ్డ, అన్నది. అప్పటిసంది అదే పట్టుకున్నది. బువ్వ పెట్టుకుంట అదే, బట్టలు పిండుకుంట అదే. స్వరాజ్యం అత్త నన్ను చూసినప్పుడల్లా, ఏం ర, ఇమానం దిగినవా అంటది. నేను తల వంచుకొని పోత. అమ్మ సుత తల వంచుకొని పోతది. నన్ను అంటె నేను పడ్త అన్నా. ఆమె తల వంచుకోవుడు నాతోని చూడబుద్ధి కాలె.

అయినా నీ మీద నాకు అప్పుడు కోపం లేకుండె. నువ్వు ఆడికెళ్ళి పంపిన వీడియో ముక్కలన్ని నోరు తెర్చుకొని చూసిన. బోహోల్ దీవిల ఆ పాత చర్చి చూసినంక నాకు నిద్ర పట్టలె. సముద్రంల దొరికే పగడపు రాళ్ళతోని గోడలు కట్టిన్రట, రాయికి రాయి అతికేతందుకు సున్నంల కోడిగుడ్ల తెల్లసొన కలిపిన్రట. మరి పచ్చసొన ఏం చేసిన్రు అని అమ్మ అడిగింది. మిఠాయిలు చేసుకున్నరట అని చెప్తె, మంచి పని, పారెయ్యలె, అన్నది. ఆ వారంల ఆమె నవ్వింది గా ఒక్కసారే.

సెబూల చర్చి ముంగట ఆడోళ్ళు కొవ్వొత్తులు పట్టుకొని, మనం ఎవరి పేరు చెప్తె వాళ్ళ కోసం దేవునికి ఆడ్తరు. రెండడుగులు ముందుకు, ఒకడుగు ఎన్కకు. బల్కంపేట ఎల్లమ్మ కాడ బోనం ఎత్తినోళ్ళే యాదికొచ్చిన్రు. ఎవరి కోసం ఆడాలె అని ఆ ముసలామె నిన్ను అడిగితె, సబ్‌స్క్రైబర్ల కోసం అన్నవ్. ఆమెకు సమజ్ గాలె. అయినా ఆడింది, పాపం.

సికిహోర్ దీవిల సాయంత్రం చర్చి గంట మోగంగనె బజార్ల ఉన్నోళ్ళు ఎక్కడోళ్ళు అక్కడ నిలవడ్డరు. చేపలు తూకం వేసేటామె తక్కెడ అట్లనే పట్టుకొని కండ్లు మూసుకున్నది. అందరి నడుమ నువ్వు ఒక్కనివే ఫోన్‌ల గట్టిగ నవ్వుకుంట నడుస్తున్నవ్. అది చూసి నాకు షరమ్ అనిపిచ్చింది గని, తీసేద్దాం తియ్ అనుకున్న. నీ ఇజ్జత్ కాపాడుడు నా పని అనుకున్న.

మళ్ళ బీచ్. ఇసుక బియ్యప్పిండి లెక్క ఉన్నది. నీళ్ళు ఎంత సాఫ్ అంటె పడవ నీడ కింద ఇసుక మీద పడ్తున్నది. పోరగాళ్ళు కొబ్బరిచెట్టుకు తాడు కట్టి ఊగి ఊగి నీళ్ళల్ల దునుకుతున్నరు. నిన్ను చూసి, కూయా, కూయా, అని ఉరికొచ్చిన్రు. నువ్వు ఏం చేసినవ్? రెండు చేతులు రెక్కల లెక్క కొట్టి, కొక్కొరొకో అని కూసినవ్. గీళ్ళు సుత మన సాయిలు గాని లెక్కనే కూస్తున్నరు ర, అని కృష్ణమోహన్‌తోని అన్నవ్. పోరగాళ్ళు బిత్తరపోయిన్రు. నీకిద్దామని గవ్వ పట్టుకొచ్చిన చిన్నపిల్ల చెయ్యి ఎన్కకు పెట్టుకున్నది.

నేను సుత నవ్విన అన్నా, అబద్ధం చెప్ప. వాళ్ళు ఎక్కిరిస్తున్నరనే అనుకున్న. మతీన్ భాయ్ వాళ్ళక్క ఉమైరా దుబాయ్ దవాఖానల నర్సు గద, ఫిలిప్పీన్స్ పిల్లలు ఆమె రూముల ఉంటరు. ఆమెకు నవ్వొస్తదని ఆ ముక్క పంపిచ్చినం. ఆమె నవ్వలె. అరె పాగల్, కూయా అంటె భయ్యా, పిల్లలు పెద్దోన్ని మర్యాదగ గట్లనే పిలుస్తరు, వాడు కోడి లెక్క ఎందుకు కూసిండు, అని అడిగింది.

కూయా అంటె అన్న.

నేను సుత నిన్ను ఇన్ని దినాలు అదే పిలిచిన. నువ్వు సుత నాకు గా కోడికూతనే జవాబు ఇచ్చినవ్.

ఆ తర్వాత ముక్క పడవ మీదిది. రెండు దిక్కుల వెదురుబొంగులు కట్టిన పడవ, చుట్టూ నీలం నీళ్ళు. కెమెరా కృష్ణమోహన్ ఒళ్ళె పడి ఉన్నది, ఆకాశం తప్ప ఏం కనపడలె. నీ కాలర్ మైకు మాత్రం బంద్ చేసుడు మరిచినవ్. ముందుగాల గాలి. గాలిల కరకర చప్పుడు. మా అమ్మ మురుకు చప్పుడు నాకు తెల్వదా? గా సాయిలు గాన్ని ఎందుకు తేలె అని కృష్ణమోహన్ అడిగిండు. నువ్వు నముల్కుంటనే చెప్పినవ్. ఈ దేశానికి మనోళ్ళకు వీసానే అక్కర్లేదు ర, పద్నాలుగు దినాలు ఉత్తగనే తిరిగి పోవచ్చు, ఆ సంగతి వానికేం ఎర్క, అన్నవ్. వాడు వస్తె అందరి ముంగట నోరు తెరుస్తడు, గొంతు ఎవరిదో తెలిసిపోతది, కూసే కోడిని గంప కిందనే ఉంచాలె, అన్నవ్. మురుకులు మాత్రం మస్తున్నయ్ అన్నవ్. కృష్ణమోహన్ ఇంకోటి అడుక్కున్నడు.

ఆ ముక్క నేను మళ్ళ మళ్ళ విన్న. ఏడుపు రాలె. కోపమొచ్చింది. నా చదువు తక్కువని అమ్మ తనను తాను తిట్టుకుంటున్నది, నువ్వు ఆమె చేతి మురుకు తినుకుంట నవ్వుతున్నవ్. అన్ని తుడిచేద్దామనుకున్న, నువ్వు తిరిగిన దీవులు ఒక్కటి మిగలకుంట. మళ్ళ, నీ మొహం కనపడ్డకాడల్లా కోడికూత పెడదామనుకున్న. మతీన్ భాయ్ నా చెయ్యి పట్టుకొని, సబర్ కర్ రే, జర ఓపిక పట్టు, కోపంల చేసిన పని కచ్చాగ ఉంటది, పక్కాగ చెయ్యి, అన్నడు.

సబర్ చేసిన. వీడియో ఖరాబ్ చెయ్యలె, పని మీద నేను కోపం చూపియ్య. ఇయ్యాల పొద్దుగాల నువ్వు ఇమానం దిగంగనె ఫోన్ చేసి, అయిందా రా, అన్నవ్. అయింది అన్నా, అంటి. ఎట్లొచ్చింది, అన్నవ్. నీ ఛానల్ల ఇంత నిజంగ మాట్లాడిన వీడియో ఇంకోటి లేదు, జర చూసుకో, అంటి. చూసుడెందుకు ర, నువ్వు కూసినవ్ గద, అని నవ్వి పెట్టేసినవ్.

మతీన్ భాయ్ పెన్‌డ్రైవ్ తీస్కపోయి, ఈ బొమ్మ పెద్ద తెర మీద ఆడిచ్చే పంజాగుట్ట హాల్ల ఇచ్చిండు. నీ వీడియోలు చూసేటోళ్ళందరు వచ్చిన్రంట, కుర్చీలు సరిపోతలేవంట. బొమ్మ నడిచేటప్పుడు నువ్వు తెర దిక్కు చూడవు, తల వంచుకొని ఫోన్ చూస్తవ్, గది నాకెర్క. గందుకే దీపాలు ఆరినంక ఈ మెసేజ్ పంపుతున్న.

రేపటిసంది నేను రాను. రగ్గు నాది గాదు, ఈ మాటలు అయినంక మడతవెట్టి కుర్చీ మీద పెడ్త. మైకు దాని మీదనే ఉంటది. ఆ దీవులను నాకు చూపిచ్చినవ్, గా ఒక్కదానికి నీకు మంచిగ ఉండాలె. ఎన్నడన్న నేను ఆ బీచ్‌కు పోత. ఆ పిల్ల కూయా అని పిలిస్తె, ఏం బిడ్డ, అని పలుకుత.

ఇట్లు,
నిన్ను అన్న అని పిలిచిన
సాయిలు

మరిచిన మాట: ఒకటి చెప్పలె. ఇప్పుడు నడుస్తున్న బొమ్మల నా గొంతు లేదు. ఒక్క మాట సుత లేదు. ఇన్ని దినాలు జనం నీదనుకున్నది నాది, ఈ ఒక్కదాంట్ల మాత్రం మొదటికెళ్ళి ఆఖరు దాంక నీదే. ఇప్పుడు అలల చప్పుడే వస్తుంటది. అది అయినంక కొవ్వొత్తుల ముసలామె, ఆమె అయినంక పోరగాళ్ళు, పోరగాళ్ళు అయినంక పడవ. నీ మాట సాఫ్‌గ వినపడాలెనని గాలి జర తగ్గిచ్చిన. మురుకు చప్పుడు ఉంచిన. తల ఎత్తి చూడు, ముందటి వరుసల పచ్చ చీర కట్టుకొని కూసున్నది మా అమ్మ. పక్కన స్వరాజ్యం అత్త, ఇద్దరిని నేనే పంపిన. నా వీసా ఎందుకు రాలేదో వాళ్ళకు చెప్పనీకి నాకు నోరు రాలె, నువ్వు చెప్పాలె.

కుయ్యి, కూయా.