మెచ్చుకుంటే మేక వచ్చింది

స్ఫాక్స్, 1986 జనవరి 9

గౌరవనీయులైన లజ్‌హర్ గారికి,

సలాం. మీరూ మీ ఇంట్లోవాళ్లూ కులాసా అని తలుస్తాను.

మన ‘చీకటిగది మిత్రమండలి’ పెట్టె గాబెస్ తిరిగి, గఫ్సా తిరిగి నిన్న పోస్టులో మా ఇంటికి చేరింది. సభ్యులు పదకొండు మంది, ఫోటోలు పదకొండు, ప్రతి ఫోటో వెనకా ఒక అభిప్రాయాల కాగితం. మీరు కొత్తగా చేరారు కనుక నియమం మరోసారి చెబుతున్నాను. ఎవరి ఫోటో అయినా సరే, ముందు ఒక మెచ్చుకోలు రాయాలి, ఆ తర్వాతే ఒక లోపం. ఇరవై రెండేళ్లు ఆడపిల్లల బడి నడిపినదాన్ని. ఎర్రసిరాతో మనుషుల్ని ఏడిపించడం నాకు బాగా వచ్చు. అందుకే ఈ నియమం నేనే పెట్టాను.

మీ ‘పొద్దుటి వంటిల్లు’ చూశాను. మెచ్చుకోలు: మూలనున్న రాగి కూజా అద్భుతం. దాని మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. లోపం: ఫోటో పక్కకి ఒరిగింది. మీ నెఫ్తాలో ఇళ్లే అలా ఉంటాయా, లేక మీరే ఒరిగారా?

ఏప్రిల్లో ఇక్కడ మన ప్రదర్శన ఉంది. గోడకెక్కేవి ఐదు ఫోటోలే. ఎంపిక చేసేది నేనే.

ఇట్లు,
మున్జియా, కార్యదర్శి

తా.క.: పెట్టెలో ఎవరో ఖర్జూరాలు పెట్టారు. మీరేనని నా అనుమానం. వాటి పాకం కారి, బిజెర్తాలోని డాక్టరుగారి సముద్రం ఫోటోలో ఇప్పుడొక ద్వీపం వెలిసింది.


నెఫ్తా, జనవరి 17

మేడం మున్జియా గారికి,

వేయి సలాములు. ఉత్తరం అందింది, చాలా సంతోషం. ఇల్లు ఒరగలేదండి, నేనే ఒరిగాను. ఫోటో తీస్తుంటే పొయ్యికి అడ్డంగా ఉన్నానని మా ఆవిడ సాల్హా మోచేత్తో తోసింది.

కూజా మీకు నచ్చిందన్నారు. అంత మాట అన్నాక అది మా ఇంట్లో ఉంటే నాకు ముద్ద దిగుతుందా? అది మీదే. బస్సు డ్రైవరు అమ్మార్ చేతికిచ్చి పంపుతున్నాను, కాదనకండి.

నా గోడు కూడా వినండి. నేను సైకిళ్లు బాగుచేసుకునేవాణ్ణి. నేను ఫోటోలు కడుక్కునే చీకటిగది ఒకప్పుడు సాల్హా ఉల్లిపాయల కొట్టు. ఏడాది గడువు మీద ఇచ్చింది. ఏప్రిల్లో నా ఫోటో మీ గోడకి ఎక్కకపోతే ఉల్లిపాయలు లోపలికి, నేను బయటికి. ఆ గదే లేకపోతే నాకు సాయంత్రాలు ఎందుకో కూడా తెలియదు. కాబట్టి మొహమాటపడకుండా నిజం చెప్పి నన్ను బాగుచెయ్యండి.

మీ విధేయుడు,
లజ్‌హర్

తా.క.: ఆ కూజా సాల్హా పుట్టింటి నుంచి తెచ్చుకున్నదని పెళ్లయిన ఇరవై ఆరేళ్లకి ఇప్పుడే తెలిసింది. నాతో పాటు మా వీధి వీధంతటికీ తెలిసింది.


స్ఫాక్స్, జనవరి 28

లజ్‌హర్ గారికి సలాం.

ఎంత పని చేశారండీ! ఎదురెదురుగా కూర్చుని ఉంటే మీరు “తీసుకోండి, మీదే” అనేవారు, నేను “అయ్యో, వద్దండీ” అనేదాన్ని. మూడుసార్లు అటూ ఇటూ అనుకునేసరికి టీ చల్లారేది, కూజా మీ మూలనే ఉండేది. పోస్టులో నా ‘వద్దు’ మీకు చేరడానికి వారం పడుతుంది. ఈలోపు అమ్మార్ మా గుమ్మం ముందు హారన్ కొడుతున్నాడు.

కూజా వెనక్కి పంపుతున్నాను. ఖాళీ గిన్నె తిప్పి పంపడం మా అమ్మ నేర్పలేదు కనుక నిండా బాదంపప్పు పోశాను. సాల్హా గారికి నా తరఫున క్షమాపణ చెప్పండి.

మీ రెండో ఫోటో ‘గడప’ వచ్చింది. ఈసారి బుద్ధి తెచ్చుకుని వస్తువుల జోలికి పోకుండా ప్రాణమున్నదాన్నే మెచ్చుకుంటున్నాను. గడప దాటుతున్న ఆ మేకపిల్ల చూపు ఉంది చూశారూ, కడుపు నిండిపోయింది! లోపం: దాని చెవులు చట్రం బయట ఉండిపోయాయి. చెవుల్లేని మేకని గోడకి ఎక్కించలేను.

ఇట్లు,
మున్జియా

తా.క.: ఈ కూజాకి జవాబుగా ఏదీ పంపవద్దు. ఇది కార్యదర్శి ఆజ్ఞ.


నెఫ్తా, ఫిబ్రవరి 6

మున్జియా అక్కకి,

అక్కా అంటున్నానని ఏమీ అనుకోకండి. అంత బాదంపప్పు పంపినవాళ్లని మేడం అనడానికి నోరు రావడం లేదు.

మీ ఆజ్ఞ శిరసావహించాను. కూజాకి జవాబుగా ఏమీ పంపడం లేదు. మేకపిల్ల సంగతి వేరు, అది మీకు నచ్చింది. చెవులు ఫోటోలో లేవన్నారు కదా, రెండూ దానికే ఉన్నాయి, స్వయంగా చూసుకోండి. మెడలో ఎర్ర రిబ్బను కట్టాను. అమ్మార్ మొదట ఒప్పుకోలేదు కానీ, ఇది ఫోటో కళకి సంబంధించిన విషయమని నచ్చజెప్పాను.

మీ తమ్ముడు,
లజ్‌హర్

తా.క.: కింది మాటలు సాల్హా కలం లాక్కుని రాసింది.

బాదం బాగుంది. మేక పోయినందుకు నాకేం బెంగ లేదు, నా దుప్పటి తినేసింది. ఇంతకీ ఈయన ఫోటో గోడకెక్కుతుందా లేదా? ఒక్క మాట తేల్చి చెప్పండి. ఉల్లిపాయల మీద పడుకోలేక నడుము పోతోంది, అవి మంచం కింద ఉన్నాయి. – సాల్హా


స్ఫాక్స్, ఫిబ్రవరి 20

లజ్‌హర్ గారికి సలాం.

నేనుండేది మూడో అంతస్తులో. బాల్కనీ వెడల్పు చాప పరిచినంత. ఇప్పుడు అందులో మేక ఉంది. అది వచ్చిన మొదటి రోజు నా కుండీల్లోని తులసీ పుదీనా తిన్నది. రెండో రోజు ప్రదర్శన ఆహ్వానాలు సగం తిన్నది. మూడో రోజు సభ్యుల అభిప్రాయాల కాగితాలు తింటుంటే పట్టుకున్నాను. మెచ్చుకోళ్లు తినేసి లోపాలు వదిలేసింది. కింది ఇంటావిడ నాతో మాట్లాడటం మానేసింది, మేకతో మాత్రం మాట్లాడుతోంది.

అందుకని నేనొక నిర్ణయానికి వచ్చాను. మీ విషయంలో మాత్రం నియమం సడలిస్తున్నాను. మెచ్చుకోలు బంద్. మీ మూడో ఫోటో, మేడ మీద ఆరేసిన రగ్గు. లోపాలు: రంగులు వెలిశాయి. అంచు వంకర. నేత పలచన. నాకు అలాంటి రగ్గు అక్కర్లేదు. మా ఇంట్లో చోటు లేదు. నాకు రగ్గులంటేనే పడదు. దుమ్ముకి తుమ్ములొస్తాయి.

ఇట్లు,
మున్జియా

తా.క.: రగ్గు గురించి పైన రాసినది మరోసారి చదువుకోండి. అమ్మార్‌కి కూడా చదివి వినిపించండి.


నెఫ్తా, మార్చి 3

కార్యదర్శి గారికి,

అక్కా అనే ధైర్యం ఇప్పుడు లేదు. మీ ఉత్తరం తిన్నగా గుండెల్లో దిగింది. ఒక్క మంచి మాట కూడా లేదు! మేకని పంపినందుకా ఇంత కోపం? నిజం చెప్పమని నేనే అడిగాను, ఒప్పుకుంటాను. కానీ నిజం ఇంత ఉంటుందనుకోలేదు.

ఆ రగ్గు నేసింది సాల్హా. ఉత్తరం చదవడం పూర్తయ్యేలోపే మూడు ఉల్లిపాయల దండలు తెచ్చి చీకటిగదిలో వేలాడదీసింది. ఎర్ర బల్బు వెలుగులో వాటి కింద కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. ఉల్లిపాయల వల్లే అనుకోండి.

నాలుగో దండ మెడలో వేసుకుని ఆవిడ గుమ్మంలో నిలబడి నా మొహం చూసి నవ్వింది. చేతిలో కెమెరా ఉంది కనుక నొక్కాను. ఇంక వేరే ఫోటో లేదు, ఇదే పంపుతున్నాను. ఆఖరిది. ఇది కూడా పనికిరాదంటే పెట్టె ఇక మా ఊరికి పంపవద్దు.

లజ్‌హర్

తా.క.: రగ్గు అంచు వంకర కాదు. మీ కళ్లజోడు వంకర. – సాల్హా


స్ఫాక్స్, మార్చి 12

లజ్‌హర్ తమ్ముడికి,

మీ ఫోటో గోడకెక్కుతోంది. ఐదింటిలో ఒకటిగా కాదు, మధ్యలో, అన్నిటికంటే పెద్దదిగా. బిజెర్తా డాక్టరుగారు అలిగారు.

ఎందుకు నచ్చిందో మాత్రం నన్ను అడగవద్దు. చచ్చినా రాయను.

మీ అక్క,
మున్జియా

తా.క.: సాల్హా గారికి: రగ్గు నిజానికి... లేదు, ఏమీ లేదు.


నెఫ్తా, మార్చి 19

అక్కా,

కారణం రాయాల్సిందే. సాల్హా నమ్మడం లేదు. “ఆ మేకని చూసి జాలిపడి ఎక్కించింది, జాలికి గది ఇవ్వను” అంటోంది. ఐదో దండ కూడా వేలాడదీసింది. ఫోటోలు పెద్దవి చేసే ఎన్లార్జరు ఇప్పుడు నాకు కనిపించడం లేదు.

లజ్‌హర్


స్ఫాక్స్, మార్చి 26

తమ్ముడూ,

మొదట ప్రమాణం చెయ్యి, ఈ ఉత్తరం చదివాక దేన్నీ, ఎవరినీ బస్సెక్కించనని.

చేశావా? అయితే విను. ఆ ఫోటోలో బాగున్నది మీ ఆవిడ. ఆ నవ్వు. మెడలో ఉల్లిపాయల దండతో మహారాణిలా నిలబడి, ఎదురుగా ఉన్నవాణ్ణి ఆటపట్టిస్తూ, ఎంత ఇష్టమో దాచుకోలేకపోతోంది. ఆ మనిషిని నాకు చూడాలని ఉంది.

మీ అక్క,
మున్జియా

తా.క.: చూడాలని ఉంది అన్నాను. పంపమనలేదు.


నెఫ్తా, ఏప్రిల్ 3

అక్కా,

నేను ప్రమాణం తప్పలేదు. ఉత్తరం పైకి చదివాను. సాల్హా మళ్లీ చదవమంది, అది మా ఇంట్లో ఎన్నడూ జరగనిది. తర్వాత లేచి ఉల్లిపాయల దండలన్నీ తనే దింపింది. తన బట్టల పెట్టె సర్దుకుంది. “నిన్ను పంపనని మాటిచ్చాను” అన్నాను. “నన్ను పంపడానికి నువ్వెవడివి? నేనే వెళుతున్నా” అని అమ్మార్ పక్క సీట్లో కూర్చుంది.

చీకటిగది నాకు దక్కింది. కానీ రెండు రోజులుగా అందులోకి వెళ్లబుద్ధి కావడం లేదు. బయట ఎవరూ తిట్టడం లేదు మరి. త్వరగా పంపించండి.

మీ తమ్ముడు,
లజ్‌హర్

తా.క.: దయచేసి ఆవిడ వంటని మాత్రం మెచ్చుకోకండి. ఉండిపోతుంది.


స్ఫాక్స్, ఏప్రిల్ 15

తమ్ముడు లజ్‌హర్‌కి ఆశీస్సులు.

ప్రదర్శన బాగా జరిగింది. సాల్హా తన ఫోటో పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్లందరికీ “ఉల్లిపాయలు మా ఊరివే” అని చెప్పింది. నీ ఫోటోకి నియమం ప్రకారం నా అభిప్రాయం ఇదీ. మెచ్చుకోలు: ఆ నవ్వు. లోపం: ఇరవై ఆరేళ్లు ఆలస్యంగా తీశావు.

మర్నాడు టీ తాగుతూ నా కెమెరా చేతిలోకి తీసుకుని “ఎంత ముద్దుగా ఉంది!” అంది. నేను అలవాటు కొద్దీ “తీసుకో, నీదే” అన్నాను. మూడుసార్లు వద్దంటుంది కదా అని. ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. తోలు సంచీ కూడా ఏదని అడిగింది.

ఆ పూట నుంచి రీలు మీద రీలు. రేవులో వలలు బాగుచేసేవాళ్లు, కింది ఇంటావిడ, మేక. నా స్నానాలగదిలో ఇద్దరం కలిసి ప్రింట్లు తీశాం. అందులో ఒకటి నాది. బాల్కనీలో మేకని తిట్టబోయి నవ్వేస్తున్నాను. లజ్‌హర్, ఇన్నేళ్లుగా ఊళ్లోవాళ్ల ఫోటోలన్నీ దిద్దాను. నన్ను మాత్రం బడి గ్రూపు ఫోటోలో నడిమి కుర్చీలో తప్ప ఎవరూ తీయలేదు. నేనలా నవ్వుతానని నాకు తెలియదు. చూసి ఏడ్చాను. లోపం వెతకడానికి కళ్లజోడు కూడా పెట్టుకోలేదు.

నిన్నటి నుంచి సాల్హా మన మండలిలో పన్నెండో సభ్యురాలు. స్నేహపూర్వకంగా ఒక నిజం చెబుతున్నాను, మనసు కష్టపెట్టుకోకు: ఆవిడ మొదటి రీలు నీ ఏడాది పని కంటే బాగుంది.

మీ ఇద్దరి అక్క,
మున్జియా

తా.క.: సాల్హా సోమవారం బస్సుకి వస్తోంది. ఆలోగా చీకటిగదిలోంచి నీ తొట్లూ సీసాలూ తీసి సైకిళ్ల కొట్టులోకి మార్చుకోమంది. ఇకమీదట లోపలికి వచ్చేముందు తలుపు తట్టమని కూడా రాయమంది.