రెండు మణుగులే!

మావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నరసరావుపేటలో పత్తి కంపెనీ, తక్కువ తూచే ఆ దొంగకాటాని చివరికి మార్చింది.

కోటప్పకొండ తిరునాళ్లలో నువ్వు కంపెనీ దొరగా పగటివేషం కట్టావు. అయిదు మణుగులున్న నన్ను ఉత్తుత్తి కాటా ఎక్కించి, "రెండు మణుగులే! ఈమెకి కూడెట్టేవాడు లేడా?" అని నువ్వు అరిస్తే జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వుకే కంపెనీ నిన్ను జైల్లో పెట్టించింది. జ్వరంతో తిరిగొచ్చినవాడివి మళ్లీ మంచం దిగలేదు.

నువ్వు పోయినా ఆ మాట పోలేదు. గుమాస్తా కనబడితే చాలు, పత్తి తెచ్చినవాళ్లంతా "రెండు మణుగులే!" అనేవాళ్లు. ఆ గేలి పడలేకే కాటా మార్చారు. పత్తి వేసేముందు రైతులు తామే ఎక్కి చూసుకోవడం ఇప్పుడు అలవాటైంది.

ఇవాళ మన పత్తి తోలుకెళ్లాను. "ముందు నువ్వెక్కమ్మాయ్, వాడి పేరు చెప్పుకుని" అన్నాడు మీ రొంపిచెర్ల బాబాయి. ఎక్కాను.

"మూడున్నర మణుగులమ్మా" అన్నాడు గుమాస్తా.

"ఏందయ్యా, మళ్లీ దొంగకాటానా?" అంటూ బాబాయి అతని మీదికి పోయాడు. నేనే చెయ్యి పట్టుకుని ఆపాను.

కాటా సరిగ్గానే ఉంది మావా.