టిక్కెట్టు లేని కేసు

ధవళేశ్వరం

ప్రియమైన రెబెక్కా అక్కకు,

తమ్ముడు ఐజాక్ వందనాలు. ఇక్కడ నేనూ నీ మరదలు కృపారాణీ దేవుని దయ వల్ల బాగున్నాం. పిఠాపురంలో మీరందరూ కులాసా అని తలుస్తాను.

ఫోన్ చెయ్యకుండా కార్డు రాస్తున్నాడేంటి అనుకోకు. పొదుపని ఇంట్లో ఒక్క ఫోనే ఉంచాం. అది నీ మరదలి చేతిలో ఉంటుంది. ఈ సంగతి తన చెవిన పడకూడదు.

రిటైరైనప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదక్కా. ఇన్నేళ్ళూ బ్యారేజీ గేట్లు ఎత్తి దించిన చేతులతో ఇప్పుడు ఊరికే ఫ్రిజ్ తలుపు తీసి వేస్తున్నాను. సినిమాకి పోదామంటే టిక్కెట్టు ఒక ఎత్తు, లోపల పాప్‌కార్న్ ఒక ఎత్తు. మన పెన్షన్ అంత దూరం రాదు. అందుకే రోజూ రాజమండ్రి కోర్టుకి వెళ్తున్నాను. ఫ్యాను ఉంది, బల్ల ఉంది, టిక్కెట్టు అడిగేవాడు లేడు. మా కేసు మంచి పట్టులో ఉంది.

నీ తమ్ముడు,
ఐజాక్

తా.క.: అవతలి లాయరు మాటకారి. తీర్పు ఎటు పోతుందోనని అన్నం సయించడం లేదు.



పిఠాపురం

చిరంజీవి ఐజాక్‌కి అక్క దీవెనలు.

నీ కార్డు చదువుతుంటే స్టవ్ మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు. ఫ్యాను, బల్ల అంటూ తమాషాగా రాస్తే నాకు తెలియదా? చిన్నప్పుడు చెయ్యి విరిగినప్పుడు కూడా ఇలాగే నవ్వావు.

కార్డు పోస్ట్‌మ్యాన్ కూడా చదువుతాడు కాబట్టి ఆ మాట ఎత్తను. ఎన్నాళ్ళ నుంచి ఇది? నిన్ను ఇందులోకి దింపింది ఎవరు? నీతో పాటు ఇంకెవరున్నారు? ఏదీ దాచకు.

ఇట్లు కలవరంతో,
రెబెక్కా

తా.క.: చర్చిలో ప్రార్థన పెట్టించాను. నీ పేరు చెప్పలేదు. ధవళేశ్వరంలో ఉండే నా ఒక్కగానొక్క తమ్ముడు అన్నానంతే.



ధవళేశ్వరం

ప్రియమైన అక్కకు వందనాలు.

నీకు ఇంత ఆసక్తి ఉంటుందనుకోలేదు, సంతోషం. మొదలైంది ఈ వేసవిలోనే. నన్ను దింపింది రిటైర్డ్ టీచరు బుల్లిరాజు గారు. ఆయన ఏళ్ళ తరబడి ఇందులోనే ఉన్నారు. "ఒకసారి దిగామంటే బయటపడలేమండి ఐజాక్ గారూ" అంటారు. నిజమే అక్కా, నేనూ బయటపడలేను.

మొన్న మా కేసు వాయిదా పడింది. సాక్ష్యంగా పెట్టిన పూతరేకులకు చీమలు పట్టాయి. ఎవరు పట్టించారని లాయర్లు గొంతులు చించుకున్నారు. వచ్చే గురువారం తేలిపోతుందంటున్నారు. అందాకా ఇంట్లో కూర్చోలేను, పడుకోలేను.

నీ తమ్ముడు,
ఐజాక్

తా.క.: ఆలోగా ఖాళీగా ఉండటం ఎందుకని బుల్లిరాజు గారూ నేనూ బుధవారం ఒక మర్డరు పెట్టుకున్నాం.



పిఠాపురం

ఐజాక్,

దీవెనలు తర్వాత. మర్డరు అన్న మాట చూశాక నేనింకేం ఆలోచిస్తాను? చెబితే వద్దంటావని చెప్పలేదు. పక్కింటి వీరమ్మను తోడు తీసుకుని, జామీనుకి పనికొస్తుందని పొలం పాసుపుస్తకం సంచిలో వేసుకుని గురువారం తెల్లవారకుండానే బయల్దేరాను. కోర్టులో బంట్రోతుని "పూతరేకుల కేసు ఎక్కడండి?" అంటే హాలు చూపించాడు.

లోపలికి వెళ్ళేసరికి ఒక లాయరు "ఈ తమ్ముడు చేసిన మోసం" అంటున్నాడు. నేనిక ఆగలేకపోయాను.

"అయ్యా, మా తమ్ముడికి ఏ పాపం తెలియదండి!"

జడ్జి గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "మీరెవరమ్మా?"

"తోడబుట్టిన అక్కనండి. ఇదిగోండి పాసుపుస్తకం!"

హాలంతా గగ్గోలు. లాయర్లిద్దరూ ఒకేసారి లేచారు. ముందు వరుసలో ఇద్దరు మనుషులు తెల్లబోయి నన్నే చూస్తున్నారు. నువ్వు బోనులో లేవు. వెనక బల్ల మీద వేరుసెనక్కాయలు వలుచుకుంటున్నావు! నేను నీ పేరు గొణగడం విని బంట్రోతు "ఐజాక్ గారాండి? ఆయన రోజూ చూడ్డానికి వస్తారండి" అన్నాడు.

చూడ్డానికి! వీరమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి తిరగకుండా వచ్చేశాను. ఇక నీకూ నాకూ మాటల్లేవు.

రెబెక్కా

తా.క.: ఆ ఇద్దరూ ఎవరు? తర్వాత ఏమైంది? వెంటనే రాయి.



ధవళేశ్వరం

ప్రియమైన అక్కకు,

తలవంచుకుని వందనాలు. నీ వెనకే గేటు దాకా పరిగెత్తాను. ఆటో మలుపు తిరిగిపోయింది. నా కోసం అంతమందిలో అలా అరిచిన మనిషివి నువ్వొక్కదానివే.

ఆ ఇద్దరూ ఆత్రేయపురం అన్నదమ్ములు, ప్రసన్నకుమార్, మురళీకృష్ణ. తండ్రి పోయాక చెరో పూతరేకుల కొట్టు పెట్టుకుని, బోర్డు మీద 'అసలు' అన్న మాట నాదంటే నాదని కొట్లాడుకుంటున్నారు. నువ్వు అక్కనని పాసుపుస్తకం చూపించి మాయమయ్యేసరికి, తమ నాన్నకి ఎక్కడో ఇంకో సంసారం ఉందనుకున్నారు!

జడ్జి గారు భోజనానికి లేవగానే పెద్దవాడు వరండాలోకి వచ్చాడు. "ఒరేయ్ తమ్ముడూ, ఆవిడ వాటా అడిగిందంటే ఇద్దరం మునిగిపోతాం రా."

తమ్ముడూ అన్న పిలుపు విని ఎన్నాళ్ళయిందో, చిన్నవాడు ఏడ్చేశాడు. సాయంత్రానికి రాజీ రాసుకున్నారు. ఇక ఒకే కొట్టు, ఒకే బోర్డు. నేను మనసొప్పక వెళ్ళి నిజం చెప్పాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పడీ పడీ నవ్వారు. కాగితం మాత్రం చింపలేదు.

అందరూ బాగానే ఉన్నారు, నేను తప్ప. నా కేసు పోయిందక్కా. పొద్దున్నే చొక్కా వేసుకుంటాను, ఎక్కడికి వెళ్ళాలో తోచక మళ్ళీ విప్పుతాను.

నీ తమ్ముడు,
ఐజాక్

తా.క.: పై అంతస్తులో నలుగురు అన్నదమ్ముల చేపల చెరువు కేసు మొదలైంది. ఏళ్ళ తరబడి నడుస్తుందని బుల్లిరాజు గారు భరోసా ఇచ్చారు. నీకు దణ్ణం పెడతాను, కొన్నాళ్ళు రాజమండ్రి రాకు. ఐదో వాటా అంటే వీళ్ళూ కలిసిపోతారు.