నిన్న భాగ్య ఏం తిన్నది?

జూలై 7, సోమవారం
ఆహార సర్వే శాంపిల్‌లో మా ఇల్లు పడింది. జాతీయ మార్గదర్శకాలతో పోల్చి, ఎవరి తిండి ఎంత సరిగ్గా ఉందో వందకి మార్కులేస్తారట. ఎగిరి గంతేశాను. బయాలజీ సార్‌ని, సగం కంచం కూరగాయలూ పళ్లే ఉండాలని ఏటా బోర్డు మీద గీసేవాణ్ణి. స్టాఫ్‌రూమ్‌లో గొప్పలు కూడా పోయాను.

జూలై 9, సాయంత్రం 5
సర్వే మేడమ్ సృజన కొలత గిన్నెలతో వచ్చింది. నిన్నంతా ఏం తిన్నారు, ఏ గిన్నెతో ఎంత అని అడిగింది. జొన్నరొట్టె, పాలకూర పప్పు, గుడ్డు, పెరుగు, జామకాయ అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. లెక్కేసి, వందకి డెబ్బై ఆరు అంది. నా భార్యకూ అదే రాసుకోండి, ఒకటే వంట కదా అన్నాను. గట్ల కుదరది సార్, ఎవరిది వాళ్లే చెప్పాలె అంది.

భాగ్య కొంగు సర్దుకుని చెప్పింది. పొద్దుగాల చాయ్. పగలు అన్నం, పచ్చిపులుసు. రాత్రి కూడా గదే. పప్పు తినలేదా అని మేడమ్ అడిగితే, పప్పు గంజుల అడుగుకు జరంతే మిగిలింది, పోరగాండ్లు మల్ల అడుగుతరని ఉంచిన అంది. గుడ్లు ఆయనకు, పిల్లలకు అని నవ్వింది.

ఇరవై తొమ్మిది.

పెళ్లై పదిహేనేళ్లు. నేను తిని, చెయ్యి కడుక్కుని, టీవీ ముందు కూర్చుంటాను. వెనక ఆమె కంచంలో ఏముందో ఒక్కసారీ చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

అదే రోజు, 8 గంటలు
బయటి మనిషి ముందు నా ఇజ్జత్ తీసినవ్ అని భాగ్య మీద అరిచాను.

జూలై 12
అందరం కలిసే తిందామన్నాను. కూర్చుంది. పప్పు వడ్డించుకోబోతుంటే మా అబ్బాయి హర్షిత్ మళ్లీ కావాలన్నాడు. ఉన్నదంతా వాడికే వేసేసింది. నేను చూస్తూనే తిన్నాను. నా కంచంలో పప్పు ఉంది.

జూలై 15
ఇంట్లో గుడ్లు లేవు. తెస్తానన్నాను. మర్చిపోయాను.

జూలై 16
సృజన మళ్లీ వచ్చింది. ఒక్కరోజు తిండితో లెక్క తేలదట. భాగ్య ఈసారి గడగడా అప్పజెప్పింది. రొట్టె, పప్పు, గుడ్డు, పెరుగు, జామకాయ. వారం కింద నేను చెప్పిన వరసే. నేను చూపించిన గిన్నెలే చూపించింది. చెప్పాక నా ముఖం చూసింది, ఇప్పుడు మంచిగనే చెప్పిన్నా అన్నట్టు.

నిజమేనా సార్ అని సృజన నన్నడిగింది.

నిజమే మేడమ్ అన్నాను.

జూలై 17
ఇవాళ భాగ్యను అందరికంటే ముందు తినడానికి కూర్చోబెట్టాను. ఏమైంది, నేనేం తప్పు చేసిన అని పరేషాన్ అయింది. గరిటె తీసుకున్నాను. ఆమెకు ఎంత పెట్టాలో నాకు తెలియలేదు.